గది అద్దె ముందే చెప్పమనడం గొంతెమ్మ కోరికా?

హోటల్ గది తీసుకునేటప్పుడు అదనపు ఛార్జీల బారిన పడకుండా ఎలా ఉండాలో చెప్పే సలహాలకు ఈ రోజుల్లో కొదవ లేదు. షరతులన్నీ చదవండి, తొందరపడకండి, నాలుగు చోట్ల ధర కనుక్కోండి, బిల్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇందులో ఏ ఒక్కటీ తప్పుడు సలహా కాదు. కానీ వీటన్నిటి వెనకా ఒకే మాట నక్కి ఉంది: మోసపోయావంటే నీ అజాగ్రత్తే కారణం. స్త్రీలకు ఈ మాట కొత్తదేం కాదు. చీకటి పడ్డాక బయటికి ఎందుకు వెళ్లావు, కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఎవరినైనా అడగొద్దా, మొగుడు అప్పులు చేస్తుంటే నువ్వేం చేస్తున్నావు? పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. దెబ్బ కొట్టినవాణ్ణి వదిలేసి దెబ్బ తిన్నవాళ్లకు జాగ్రత్తలు చెప్పే అలవాటు హోటల్ కౌంటర్ దగ్గర కూడా చక్కగా పనిచేస్తోంది.

గదికి మొత్తం ఎంత అవుతుందో ముందే చెప్పడం హోటల్ బాధ్యత. తెలుసుకోవడం మన హక్కు. చట్టంలో ఉన్న ఈ హక్కు ఒక్కొక్క స్త్రీ ఒంటరిగా జాగ్రత్త పడినంత మాత్రాన అమలు కాదు. ఏడాది పొడవునా శిబిరాలకూ సమావేశాలకూ పదుల కొద్దీ గదులు తీసుకునే మన సంస్థలు నోరు విప్పితేనే అవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

హోటల్ గదుల గొడవ స్త్రీల హక్కుల పత్రికలో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. హోటల్ అనగానే మనకు విహారయాత్రలు గుర్తొస్తాయి. కానీ మన పట్టణాల్లో బస్టాండు పక్క లాడ్జిల్లో దిగే స్త్రీలెవరు? పెద్దాసుపత్రిలో ఉన్న తల్లికి తోడుగా వచ్చిన కూతురు. ఉద్యోగ పరీక్షకు వేరే జిల్లాలో సెంటరు పడిన అమ్మాయి. మనోవర్తి కేసులో వాయిదాకి వచ్చిన భార్య. శిక్షణకని మనం రప్పించిన క్షేత్ర కార్యకర్త. వీళ్లెవరూ సరదాకి రాలేదు. గది లేకపోతే రాత్రి గడవదు కాబట్టి వచ్చారు. ధర విషయంలో ఎవరి మాట చెల్లుతుందో తేలేది ఇక్కడే. బేరమాడే శక్తి డబ్బు వల్ల వచ్చేది కొంతే. నచ్చకపోతే వెనక్కి తిరిగి వెళ్లిపోగలగడం వల్ల వచ్చేదే ఎక్కువ. రాత్రి పదింటికి సంచి భుజాన వేసుకుని ఇంకో లాడ్జి వెతుక్కుంటూ వెళ్లగలిగిన మగవాడికి కౌంటర్ దగ్గర కొంత విలువ ఉంటుంది. చంకలో పిల్లతో నిలబడ్డ ఆడమనిషి వెళ్లదని కౌంటర్లో ఉన్నవాడికి తెలుసు. ఆమె భయానికి వాడొక రేటు కడతాడు. ఆ రేటు ఏ బోర్డు మీదా ఉండదు.

లెక్క మొదలయ్యేది మాత్రం కౌంటర్ దగ్గర కాదు, ఫోన్ తెర మీద. రెండే గదులు మిగిలాయి, ముప్పై మంది ఇదే గది చూస్తున్నారు అంటూ ఎర్రటి అక్షరాలు మెరుస్తాయి. చూసిన ధర ఒకటి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి ఇంకొకటి. మధ్యలో సౌకర్య రుసుము చేరుతుంది, మనం అడగని బీమా చేరుతుంది, ఎవరి కోసమో తెలియని విరాళం చేరుతుంది. ఇవన్నీ తెలివిగల వ్యాపారం అనుకుంటే పొరపాటు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న 13 రకాల మాయదారి పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. దానికి ఆ మార్గదర్శకాలు ఇచ్చిన ఉదాహరణే ఈ రెండు గదులు, ముప్పై మంది కథ. చెప్పకుండా బుట్టలో సరుకు వేయడం ఇంకొకటి. ధరను ముక్కలు ముక్కలుగా బయటపెట్టడం, ఖరారయ్యాక ఎక్కువ వసూలు చేయడం మరొకటి. నన్ను బాగా ఆలోచింపజేసింది సిగ్గుపరిచి ఒప్పించే పద్ధతి. బీమా వద్దనుకుంటే 'నాకు రక్షణ అక్కర్లేదు' అనే అర్థం వచ్చే మీట నొక్కాలి. ఒంటరిగా ప్రయాణం చేసే స్త్రీ చేత ఆ మీట నొక్కించడం ఎంత క్రూరమో ఆ తెర తయారుచేసిన వాళ్లకు తెలియదనుకోను.

వీటికి పదును చాలడం లేదన్నది వేరే సంగతి. 2025 జూన్‌లో అదే సంస్థ, ఇలాంటి పద్ధతులు మీ దగ్గర ఉన్నాయో లేదో మూడు నెలల్లో మీరే తనిఖీ చేసుకోండని ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు సలహా ఇచ్చింది. దొంగ చేతికే తాళాలిచ్చిన వ్యవహారం. అయినా సరే, నియమం ఉంది గనక దాన్ని పట్టుకుని అడగాలి. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సేవకు పన్నుతో సహా మొత్తం ధరను ఒకే అంకెగా చూపించాలి, ఆ అంకెలో ఏమేం ఉన్నాయో విడదీసి కూడా చెప్పాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి మన సమ్మతి కిందికి రాదు. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

వీటన్నిటికీ తల్లివేరు 2019 వినియోగదారుల రక్షణ చట్టం. 1986 నాటి చట్టం స్థానంలో ఇది 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. వినియోగదారుల హక్కుల్లో వస్తువు, సేవల నాణ్యత, పరిమాణాలతో పాటు ధర గురించి తెలుసుకునే హక్కును కూడా అది స్పష్టంగా రాసింది. అంటే ముందే మొత్తం చెప్పమనడం గొంతెమ్మ కోరిక కాదు. (గొంతెమ్మ అంటే కుంతి అంటారు. అత్యాశకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మన భాషకూ ఒక ఆడదే దొరికింది. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.)

కౌంటర్ దగ్గర వచ్చి పడే ఖర్చుల్లో అన్నీ ఒకే రకం కావు. పన్ను నిజమైన ఖర్చే. అయితే పన్ను పేరుతో ఏది అడిగినా ఇచ్చేయడం మనకు అలవాటైపోయింది. 2022 జులై 18 దాకా రోజుకు 1,000 రూపాయల లోపు గదులకు జీఎస్టీ ఉండేది కాదు. ఆ రోజు నుంచి 12 శాతం వేశారు. ఆసుపత్రి తోడుకీ పరీక్షకీ వచ్చేవాళ్లు దిగే గదులు అవే కదా, వాటి మీదే పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకూ ఉన్న గదులకు 5 శాతం, అంతకు మించితే 18 శాతం. కాబట్టి మామూలు లాడ్జిలో ఇంకా 12 శాతమని రాస్తుంటే అడగండి. బిల్లు మీద కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర విడిగా కనిపించాలి. 15 అక్షరాలు, అంకెలతో జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణ హోటల్ అయితే అది 36తో, ఆంధ్రప్రదేశ్ హోటల్ అయితే 37తో మొదలవుతుంది. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న లాడ్జికి ఈ నంబరు తీసుకోవలసిన అవసరమే లేదు. కానీ నంబరు లేని లాడ్జి కౌంటర్ దగ్గర పన్ను వసూలు చేయడానికి వీల్లేదు. ఆన్‌లైన్ సంస్థ ద్వారా తీసుకున్న గదికైతే అలాంటి చోట పన్ను కట్టే పూచీ ఆ సంస్థది.

సర్వీసు ఛార్జి పన్ను కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా చాలదు. హోటళ్లూ రెస్టారెంట్లూ దాన్ని వాటంతట అవి బిల్లులో కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని ప్రాధికార సంస్థ 2022 జులై 4న చెప్పింది. హోటల్ సంఘాలు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసి, ఒక్కొక్క సంఘానికి లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. తీర్పు మీద అప్పీలుకూ వెళ్లారు. ఈ వసూలు సిబ్బంది కోసమేనన్నది వాళ్ల వాదన. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గదులు ఊడ్చి, బాత్రూములు కడిగి, పక్కలు సర్దే వాళ్లలో ఎంతమంది ఆడవాళ్లున్నారో అందరం చూస్తూనే ఉన్నాం. వాళ్లకు సరైన జీతం ఇవ్వాలంటే ఆ జీతాన్ని గది అద్దెలో కలిపి రాయండి. మేం కడతాం. అతిథి చేత చివర్లో పిండుకున్న డబ్బులో బాత్రూము కడిగిన ఆమె చేతికి ఎంత చేరిందో ఒక్క బిల్లయినా చెబుతుందా?

ఇక మంచినీళ్ల సీసా. సీసా మీద అచ్చేసిన ధరకు మించి తీసుకోకూడదని మనలో చాలామంది నమ్మకం. హోటళ్లకు, రెస్టారెంట్లకు ఆ నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. గదిలో పెట్టి ఉన్న సీసా ఊరికే ఇచ్చిందా, అమ్మకానికి పెట్టిందా అన్నది మూత తీయకముందే అడగవలసిన ప్రశ్న.

మన లాడ్జిల్లో ఒకప్పుడు ఇరవై నాలుగు గంటల లెక్క ఉండేది. తెల్లవారుజామున అయిదింటికి దిగితే మర్నాడు అయిదింటి దాకా గది మనదే. ఇప్పుడు చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండుకో పదకొండుకో ఖాళీ చేయాలి, మధ్యాహ్నం దాటితే గానీ ఇవ్వరు. రాత్రి రైలెక్కి తెల్లారి దిగే స్త్రీకి ఒక రాత్రి పడకకు ఒకటిన్నర రోజుల అద్దె, ఒక్కోసారి రెండు రోజులది. దిగి ప్లాట్‌ఫారం మీద కూచుని తెల్లవారనివ్వమంటారా? మగవాళ్లు ఆ పని చేయగలరు, చేస్తారు కూడా. స్టేషన్లో వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి, భద్రత లేకపోవడం ప్రభుత్వ వైఫల్యం. దాని ధర లాడ్జి వాడు ఆమె దగ్గర వసూలు చేసుకుంటున్నాడు.

అన్నిటికంటే సిగ్గుమాలింది మరకల జరిమానా. దుప్పటి మీద మరక పడితే ఇంత కట్టాలని గోడకు అంటించే చోట్లున్నాయి. ఏ మరకో ఎవరూ రాయరు. నెలసరి ఒక రోజు ముందే వచ్చిన అమ్మాయి ఆ కాగితం చూసి అర్ధరాత్రి బాత్రూములో దుప్పటి నానబెట్టుకుంటుంది. లేదా పొద్దున కౌంటర్ దగ్గర నలుగురు మగవాళ్ల ముందు వాదించడం ఇష్టం లేక అడిగినంతా ఇచ్చి బయటపడుతుంది. దుప్పట్లు రోజూ ఉతికేవే. ఉతుకుడు ఖర్చు అద్దెలో ఉన్నదే. ఇది శరీరానికి వేసిన పన్ను, మౌనం మీద చేసే వ్యాపారం. ముందుగా తెలియజేయని ఇలాంటి జరిమానా కట్టనని చెప్పే హక్కు మనకుంది. సిగ్గు పడవలసింది మనం కాదు.

డబ్బంతా ముందే కట్టించుకుని, తీరా వెళ్లాక ఒంటరి ఆడవాళ్లకు ఇవ్వమనో, ఇదే ఊరి ఆధార్ కార్డు కుదరదనో పంపేసే చోట్లూ ఉన్నాయి. డబ్బు వెనక్కి రాదని సైటు అంటుంది, మాకు తెలియదని లాడ్జి అంటుంది. ఒంటరి స్త్రీకి గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. తీసుకున్న డబ్బుకు సేవ ఇవ్వకపోవడం సేవాలోపం. ఆ రాత్రి అదే ఆమెకు పడ్డ అతి పెద్ద అదనపు ఛార్జి.

చదువుకున్నవాళ్లు కాస్త చూసుకుంటే ఇవి జరగవని వాదించేవారికి ఒక మాట. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన తెలుగువాళ్లను అడగండి. అక్కడి హోటళ్లు 'రిసార్ట్ ఫీజు' పేరుతో ఏళ్ల తరబడి ఇదే పని చేశాయి. తప్పనిసరిగా కట్టవలసిన రుసుములన్నీ కలిపిన ధరనే ముందు చూపించాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం చేయవలసి వచ్చింది. అది 2025 మే 12న అమల్లోకి వచ్చింది. అమెరికన్లకు చదవడం రాక కాదు కదా.

ఇప్పుడు మన ఇంటి సంగతి. హోటళ్లను తిట్టడం తేలిక. మన సంస్థల ప్రయాణ భత్యం నిబంధనలు తీసి చదవండి. గదికి రోజుకు 1,500 పరిమితి అనుకుందాం. గది 1,400 అని చూసి కార్యకర్త బయల్దేరింది, పన్నుతో కలిపి 1,470, సరిపోతుంది. ఏడాది పాపను చూసుకోవడానికి వాళ్లమ్మను వెంట తెచ్చుకుంది, అదనపు మనిషికి 400. రైలు తెల్లవారుజామున దిగింది, ముందుగా గది ఇచ్చినందుకు సగం రోజు 700. మొత్తం 2,500, పన్ను 125, బిల్లు 2,625. అకౌంటెంట్ 1,500 దగ్గర గీత గీస్తాడు. మిగతా 1,125 ఆమె జీతంలోంచి పోతుంది. అదనపు మనిషి వ్యక్తిగత ఖర్చు అంటాడు. పాలు తాగే బిడ్డ ఉన్న స్త్రీ పని చేయాలంటే బిడ్డను పట్టుకునే మనిషి కావాలి. బిడ్డల పెంపకం సమాజం బాధ్యత అని కరపత్రాల్లో అచ్చేసేది మనమే, వోచరు దగ్గరికి వచ్చేసరికి అది ఆమె సొంత వ్యవహారం చేసేదీ మనమే. అందుకే తరవాతి శిబిరానికి రమ్మంటే ఆమె ఏదో వంక చెబుతుంది. కింది స్థాయి కార్యకర్తల్లో నాయకత్వ లక్షణాలు పెరగడం లేదని అప్పుడు మనం నివేదికలు రాస్తాం.

సంస్థలకు ఇబ్బందులున్నాయి, కాదనను. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి కుదించాక అందరూ ప్రతి రూపాయికీ భయపడుతున్నారు. నిధులిచ్చేవాళ్లు బడ్జెట్లో గది అద్దె అని ఒక్క వరస రాయమంటారు. అయితే ఆ వరసలో ఏం రాయాలో నిర్ణయించేది మనమే. పన్ను, తోడు మనిషి, వేళ కాని వేళ దిగడం కలిపే అంచనా వేస్తే ఆడిటరు అభ్యంతరం చెప్పడానికి ఏమీ ఉండదు. పరిమితిని గది అద్దెకు కాకుండా బిల్లు మొత్తానికి పెట్టాలి. బాలింతకు వేరే పరిమితి ఉండాలి.

ఒంటరిగా వెళ్లక తప్పనివాళ్లు చేయగలిగింది కొంత ఉంది. సైటులో గది చూసినా ఒకసారి నేరుగా హోటల్‌కి ఫోన్ చేసి, ఆ చెప్పిందే వాట్సాప్‌లో రాసి పంపమనాలి: పన్నుతో కలిపి మొత్తం ఎంత, ఎన్నింటికి ఇస్తారు, ఎన్నింటికి తీసుకుంటారు, పిల్లకి ఎంత, తోడుకి ఎంత, అడ్వాన్సు ఎంత, రద్దు చేస్తే ఎంత తిరిగిస్తారు. నోటిమాట పొద్దున్న డ్యూటీ మారిన గుమాస్తాకు గుర్తుండదు. డబ్బు కట్టే చివరి పేజీని ఫోన్లో ఫోటో తీసి దాచుకోవాలి. బిల్లు లేకుండా నగదు ఇవ్వకూడదు, బిల్లు ఇవ్వకపోవడమే చట్టం దృష్టిలో అక్రమ వ్యాపార పద్ధతి. కౌంటర్ దగ్గర తెగకపోతే కట్టి, 'అభ్యంతరంతో కట్టాను' అని బిల్లు మీదే రాసి, దాని ఫోటో తీసుకుని బయటపడండి. ప్రాణం మీదికి తెచ్చుకోనక్కర్లేదు. తరవాత 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనూ మాట్లాడుతుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. హోటల్ ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు.

ఇదంతా 1,125 రూపాయల కోసం ఎంతమంది చేస్తారు? చాలామంది చేయరు, హోటళ్లకూ ఆ సంగతి తెలుసు. ఆ లెక్క మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. అందుకే సంస్థల దగ్గరికి వస్తున్నాను. ముప్పై గదులు నాలుగు రోజులకు తీసుకునేవాళ్ల మాటకు, అర్ధరాత్రి ఒంటరిగా నిలబడ్డ ఆమె మాటకు ఉన్న తేడా హోటల్ యజమానికి చెప్పనక్కర్లేదు. శిబిరం ఖాయం చేసుకునే ముందు సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం పంపాలి. నాలుగు వాక్యాలు చాలు. గదికి పన్నులతో కలిపి రోజుకు మొత్తం ఎంతో రాతలో తెలియజేయండి. ఇరవై నాలుగు గంటల లెక్క పాటించండి. అయిదేళ్ల లోపు పిల్లలకూ వాళ్లను చూసుకునే ఒక మనిషికీ విడిగా వసూలు చేయకండి. సర్వీసు ఛార్జి, మరకల జరిమానా సహా ఇందులో లేని ఏ మొత్తాన్నీ మా ప్రతినిధుల దగ్గర తీసుకోకండి.

దీనికి రాతలో జవాబివ్వని చోట శిబిరం పెట్టకుండా ఒక్క ఏడాది ఉండి చూద్దాం. వచ్చిన జవాబులు, రాని జవాబులు జిల్లాలవారీగా ఈ పత్రికకు పంపండి.